గీటురాయి మీద మన విశ్వాసము

(డయోసీసు శతవార్షికోత్సవ కూడికలలో చేసిన ప్రసంగము)



ఈ నాలుగు దినములుగా ఈ పందిరి క్రింద మనము నూరేండ్ల చరిత్రను చెప్పుకొనుచున్నాము. ఎన్ని గుడులు కట్టబడినవి, ఎన్ని బడులు నడచినవి, ఎందరు గురువులు, ఎందరు ఉపదేశులు సేవ చేసిరి, ఇవన్నియు లెక్కలతో సహా విన్నాము. సంతోషము. దేవునికి స్తోత్రము చెల్లింపవలసినదే. అయితే మాకు అప్పగింపబడిన అంశము లెక్కకు దొరుకునది కాదు. మన విశ్వాసము నిజమైనదేనా, లేక పైపూత మాత్రమేనా అనునది ఆ అంశము. పండుగ పూట ఇట్టి ప్రశ్న వేయవలెనని ఎవరికి తోచినదో గాని, కార్యక్రమ పత్రికలో దీనిని భోజన విరామమునకు సరిగా ముందు ఉంచిరి. వంటశాలనుండి వాసన వచ్చుచున్నది. విశ్వాసమునకు అదియు ఒక పరీక్షయే గనుక కొంచెము ఓర్చుకొనుడి.

మనలో మచిలీపట్నము వైపు బంధుత్వములున్నవారికి చిలకలపూడి గిల్టు నగలను గూర్చి చెప్పనక్కరలేదు. లోపల వేరే లోహము, పైన పలుచని బంగారు పూత. అక్కడి పనివారి నైపుణ్యము ఎట్టిదనగా, పెండ్లి పందిరిలో చూచువారికి ఏది బంగారమో ఏది గిల్టో తెలియదు. నిజము చెప్పవలెనన్న, క్రొత్తలో గిల్టే ఎక్కువ మెరయును. గిల్టు నగ పెట్టుకొనుట పాపమని మేము చెప్పము. బీదయింటి పిల్లకు ఆ ఒక్క దినమైనను మెడ నిండుగా కనుపించును. చిక్కు ఎక్కడ వచ్చుననగా, అత్తగారు ఇచ్చిన గొలుసు బంగారమని ముప్పది ఏండ్లు నమ్మి, పెట్టెలో దాచుకొని, ఏదో కష్టకాలమున తాకట్టు కొట్టుకు తీసికొని పోయినప్పుడు వచ్చును. కంసాలి దానిని గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఒక చుక్క ఆమ్లము వేయును. బంగారపు గీత నిలుచును. తక్కినది కరిగిపోవును. ఆ చుక్క పడువరకు ఆ ఇంటిలో ఎవరును అబద్ధమాడలేదు. వారసత్వముగా వచ్చినదానిని నమ్మిరి, అంతే.

మనలో అనేకులకు విశ్వాసము అట్లే వచ్చినది. తాతగారు కొనినారు, మనము పెట్టుకొంటిమి.

పౌలు అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 13వ అధ్యాయము 5వ వచనములో, విశ్వాసము తమయందు ఉన్నదో లేదో తమ్మును తామే పరీక్షించుకొనవలెనని ఆ సంఘమును కోరుచున్నాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటలలో ఒకటి ‘దోకిమాజో’. లోహమును, నాణెమును పరీక్షించి మంచిదని తేల్చుటకు వాడు మాట అది. వేదాంత కళాశాలలో నేర్చుకొన్న గ్రీకు మాటలలో మేము మరచిపోనివి మిక్కిలి కొద్ది, వాటిలో ఇది యొకటి.

కాని ఈ వచనమును మనము తరచుగా దాని చుట్టునున్న సంగతి విడిచి చదువుచున్నాము. రెండు వచనములు వెనుకకు పోయి 3వ వచనము చూడుడి. అక్కడ పరీక్ష చేయుచున్నవారు కొరింథు సంఘమువారు. పరీక్షింపబడుచున్నవాడు పౌలు. క్రీస్తు నిజముగా ఇతనియందు మాటలాడుచున్నాడా, ఋజువు చూపుమని వారు అడుగుచున్నారు. పత్రికలు బరువుగా వ్రాయును గాని మనిషి ఎదుటికి వచ్చినప్పుడు బలహీనుడు, మాటకారి కాడు, సంఘమునుండి జీతము సహితము పుచ్చుకొనడు, ఇతడేమి అపొస్తలుడని వారి అనుమానము. (జీతము పుచ్చుకొనని గురువును అనుమానించిన సంఘము చరిత్రలో అదొక్కటియే అయి యుండును.) అప్పుడు పౌలు ఏమి చేసెను? ఆ గీటురాయిని వారి చేతిలోనే యుంచి, దానిని వారి వైపునకు త్రిప్పెను. ఇతరుల కొరకు తెచ్చిన పరీక్షను మొదట మనమీద మనము చేసికొనుట, ఈ వచనముయొక్క భావము ఇదియే.

ఇతరులచేత పరీక్షింపబడుట మన తెలుగు క్రైస్తవులకు క్రొత్త కాదు. బియ్యము కొరకు కలిసినారని, గోధుమనూక కొరకు కలిసినారని, పాలపొడి కొరకు కలిసినారని మన తాతలను అనిరి. ఇప్పటికిని అనువారున్నారు. ఈ మాట విన్నప్పుడు మాకు ఒంగోలు కథ జ్ఞాపకము వచ్చును. అది బాప్తిస్టు మిషను చరిత్ర, మన ఆరాధన క్రమము వేరు. అయినను అది తెలుగు సంఘమంతటికిని సొత్తు గనుక మీ యెదుట దానిని కొంచెము నిదానముగా చెప్పుదుము.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడినది. జాన్ క్లౌ దొరగారు అప్పటికి వచ్చి కొద్ది నెలలే. అంతకు ముందు ఏడు, 1866లో, తాళ్ళకొండపాడు గ్రామస్థుడైన యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. మాదిగ కులమున పుట్టి, యోగమార్గములో దేవుని వెదకిన మనిషి ఆయన. ఆయన ద్వారా చుట్టుప్రక్కల పల్లెలలో అనేకులు వచ్చిరి. క్రొత్తగా వచ్చినవారికి పెట్టబడిన నియమములు మూడే. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు.

చదువు రానివానికిని గుర్తుండునంత చిన్న నియమములు. పట్టణములో కూర్చుండి చదువుకొను మనకు ఇవి తేలికగా, ఒకింత మోటుగా కూడ కనుపించును. కాని ఒక్కొక్కదాని వెల ఎంతో చూడుడి. ఆదివారము పనికి రానన్న పాలేరును ఆసామి ఊరకుండనిచ్చునా? చచ్చిన పశువును ఈడ్చుకొని పోవుట, ఆ మాంసమునే బత్తెముగా తినుట, అది ఊరి కట్టుబాటు. తిననన్నవాడు మాంసమును మాత్రమే కాదు, ఊరి పెద్దలు తనకు నిర్ణయించిన స్థానమునే త్రోసివేయుచున్నాడు. జాతరలో డప్పు కొట్టనన్నవానికి మరునాడు కళ్ళములో గింజలు దొరకునా? ఆ మూడు నియమములలో ప్రతిదియు ఒక పూట అన్నమునకు గురిపెట్టినది. అయినను వారు పట్టుకొనిరి. కొందరు తట్టుకొనలేక వెనుకకు పోయిరి, అదియు నిజమే.

తరువాత 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పాడుచేసిన గొప్ప కరువు వచ్చినది. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. ప్రభుత్వమువారు కరువు పనిగా బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండిరి. క్లౌ గారు యౌవనములో భూమి కొలతల పని చేసినవారు గనుక కొన్ని మైళ్ళ కాలువకు తామే కాంట్రాక్టు తీసికొని, వచ్చినవారికెల్ల పని చూపిరి. బోధకులే మేస్త్రీలైరి. పగలు త్రవ్వకము, విరామములో దేవుని మాట. వేలకొలది జనులు విన్నారు. బాప్తిస్మము కావలెనని అడిగిరి. ఆయన ఇవ్వనన్నారు. కరువు కూలి నడచుచుండగా వచ్చినవారిలో ఎవరు ప్రభువు కొరకు వచ్చిరో, ఎవరు పని కొరకు వచ్చిరో తెలియదని ఏడాదికి పైగా ఆ ద్వారము మూసియుంచిరి.

1878లో కరువు సడలినది. పని నిలిచినది, సహాయము నిలిచినది. అప్పుడు జనులు మరల వచ్చిరి. ఇక ధనసహాయము లేదు, వెళ్ళుడని ఆయన చెప్పగా వారిచ్చిన జవాబును ఆయన తరువాత వ్రాసి యుంచిరి. మాకు డబ్బు అక్కరలేదు, ఇప్పుడును ఇక మీదటను అడుగము, ఇంతవరకు కష్టపడియే బ్రదికితిమి, మరల కరువు వచ్చి చచ్చినను క్రైస్తవులుగా చత్తుము అని దాని సారాంశము. ఆ మాటలకు సాక్ష్యముగా వారు తమ అరచేతులలోని బొబ్బలను చూపుదుమనిరి. ఆ సంవత్సరము జులై 3న ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్యను మన పత్రికలలో పెద్ద అక్షరములతో వేయుదురు. మాకు మాత్రము సంఖ్యకంటె ఆ అరచేతులు ఎక్కువగా కనుపించును.

క్లౌ గారు ఆపుట న్యాయమా అని మా తరగతిలో ఒకప్పుడు పెద్ద వాదము జరిగినది. న్యాయమే అని మా అభిప్రాయము. ఏలయనగా ఆయన ఆపినది బాప్తిస్మమునే గాని పనిని కాదు, అన్నమును కాదు. మన ప్రభువు చేసినదియు ఇట్టిదే. యోహాను సువార్త 6వ అధ్యాయములో, రొట్టెలు తిని తృప్తి పొందితిరి గనుకనే నన్ను వెదకుచున్నారని ఆయన జనులకు ముఖముననే చెప్పెను. కాని ఎప్పుడు చెప్పెను? ముందటి దినమున వారికి కడుపు నిండ పెట్టిన తరువాత చెప్పెను. కడుపు నింపుటకు ముందు వారి మనస్సులను తూచలేదు.

ఇంకొక మాట. 1933లో జె. వాస్కమ్ పికెట్ గారు మన దేశములోని సామూహిక ఉద్యమములను గూర్చి ప్రచురించిన పరిశోధనలో, జనులు ఏ కారణముచేత సంఘములోనికి వచ్చిరి అను దానినే విచారించిరి. అందు మన తెలుగు ప్రాంతము కూడ యున్నది. ఏ ఉద్దేశముతో లోపలికి వచ్చిరి అనుదానికంటె, వచ్చిన తరువాత వారికి దొరకిన బోధ, కాపుదల ఎట్టివి అనునదియే వారి క్రైస్తవ జీవితమును ఎక్కువగా తీర్చినదని అందు తేలినది. గుమ్మము దగ్గర నిలువబడి వచ్చువారిని గీటురాయి మీద గీయు మాబోటివారికి ఇది కొంచెము కష్టముగా నుండు మాట.

ఇప్పుడు మా సంగతి చెప్పవలసి యున్నది.

పది పండ్రెండు ఏండ్ల క్రిందట మేము ఒక పల్లెటూరి పాస్టరేటులో ఉంటిమి. ఒక సాయంకాలము మిరపకాయల కోతనుండి ఒక స్త్రీ నేరుగా మా గుమ్మములోనికి వచ్చి నిలిచెను. చేతుల మంటకు వాటిని మాటిమాటికి చీరకు రాచుకొనుచుండెను. బాప్తిస్మము కావలెననెను. ఎందుకమ్మా అంటిమి. “మా పిల్లకి మూర్ఛలొచ్చేవండీ. సంఘపోళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. తగ్గిందండీ” అనెను. పిల్లకు ఆసుపత్రి మందు కూడ వాడుచున్నదని, దానిని మానలేదని అడిగి తెలిసికొంటిమి. అంతవరకు మంచిదే. కాని మా చదువుకొన్న చెవికి ఆ మాట చాలలేదు. స్వస్థత కొరకు వచ్చినది, వేరు లోతుగా లేదు అనుకొంటిమి. ఆరు నెలలు పాఠములకు రావలెనని, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము నేర్చుకొనవలెనని చెప్పితిమి. ఆమెకు చదువు రాదు. ఆ పిల్లయే చదివి వినిపించగా కంఠతః పెట్టెను. ప్రతి ఆదివారము, పనిలేని నాడు శుక్రవారము కూడ, పొలముల గట్లమీదుగా నడచి వచ్చుచుండెను.

ఆ దినములలోనే మా సంఘములో కలిగిన కుటుంబమువారి కుమారునికి పెండ్లి కుదిరినది. పట్టణములో మంచి ఉద్యోగము. ఎనిమిది ఏండ్లుగా గుడి ముఖము చూడలేదు. కన్ఫర్మేషను అయినదో లేదో రిజిష్టరులో దొరకలేదు. శనివారము సాయంకాలము అరగంటలో ఆ చిక్కు విడదీసి, సోమవారము పెండ్లి చేసితిమి. అతనిని మేము అడిగిన ప్రశ్న ఒక్కటియే, ఫోటోగ్రాఫరును బలిపీఠము దగ్గరకు రానీయవద్దని చెప్పినారా అని. ఆ కుటుంబమువారు గుడికి నాలుగు ఫాన్లు ఇచ్చిరి. ఆ ఫాన్ల క్రింద కూర్చుండియే ఆ స్త్రీ అయిదవ ఆజ్ఞ నేర్చుకొనెను.

ఒక దినము పాఠమైన తరువాత ఆమె చాప చుట్టుచు, “అయ్యగారూ, నన్ను ఇన్నాళ్ళ నుంచి అడుగుతున్నారు గదండీ. ఆ బాబుని ఏమీ అడగలేదేమండీ? ఆయనకి అన్నీ వచ్చా?” అనెను. మేము ఏదో సర్దిచెప్పితిమి. వారిది పాత క్రైస్తవ కుటుంబమంటిమి. సరేనని తల ఊపి, మరల, “మరి మిమ్మల్ని ఎవరు అడిగారండీ?” అనెను. ఎగతాళి ఏమియు లేదు. తనకే ఇంత పరీక్షయైతే అయ్యగారిది ఇంకెంత పెద్ద పరీక్షయో తెలిసికొనవలెనని అమాయకముగా అడిగినది. కాలేజీలో పరీక్షలు వ్రాశామమ్మా అంటిమి. ఆమె తృప్తిపడి ఇంటికి పోయెను.

నిజమే, వ్రాసితిమి. విశ్వాసమువలన నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చి రోమా పత్రిక ఆధారముగా పండ్రెండు పుటలు వ్రాసితిమి. మంచి మార్కులే వచ్చినవి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. అయితే ఆమె మాటకు కాదు, ఆ మాట లాగికొని వచ్చిన మరియొక సంగతికి.

ఆ గుడిలో రెండు పేటలవారు కూడుకొందురు. ఒకటి మాల పేట, ఒకటి మాదిగ పేట. గుడిలో ఈ పేర్లు ఎత్తకూడదని మన మర్యాద. ఆ మర్యాద నీడనే ఆ సంగతి ఇన్నేండ్లు ఏ ఎండయు తగులకుండ క్షేమముగా ఉన్నది. ఒకే బల్ల, ఒకే పాత్ర, ఒకే పాటల పుస్తకము. ఆ పాటల పుస్తకము వలననే, అనగా గాయక బృందములో, ఈ పేట అబ్బాయి, ఆ పేట అమ్మాయి ఒకరినొకరు ఇష్టపడి, పెండ్లి చేయుమని మాయొద్దకు వచ్చిరి. ఇద్దరును బాప్తిస్మము పొందినవారు, కన్ఫర్మేషను పొందినవారు, ఇద్దరును ఈడు వచ్చినవారు. ప్రకటన చదువకపోవుటకు సంఘ నియమములలో ఏ కారణమును లేదు.

పెద్దలు వచ్చిరి. గుడి రంగు మొదలు కోతపండుగ వేలము వరకు ఏ విషయములోను ఏకీభవింపని రెండు పేటల పెద్దలు ఈ ఒక్క విషయములో ఏకీభవించిరి. ఇప్పుడే వద్దు, గొడవలగును, తొందరపడవద్దనిరి. గలతీ పత్రిక 3వ అధ్యాయము మీద మేము ఆ ఏడే మూడు ఆదివారములు వరుసగా ప్రసంగించి యుంటిమి. పెద్దలు కూడ బాగున్నదనిరి. అయినను ఆ దినము మా నోట ఆ అధ్యాయము రాలేదు. ఫిర్యాదు పోవునని భయము. ట్రాన్స్‌ఫరు అగునని భయము. మా అమ్మాయి బడి మధ్య ఏడులో ఉన్నది. ఆ యిద్దరిని పిలిచి, కొంతకాలము ఆగుడి, ప్రార్థన చేయుదము అంటిమి. ప్రార్థన అను మాటను అంత నీచముగా వాడిన దినము మా జీవితములో మరియొకటి లేదు. వారు మూడు నెలలు ఆగి, రిజిష్టరు ఆఫీసులో పెండ్లి చేసికొని ఊరు విడిచిపోయిరి. గాయక బృందములో రెండు కుర్చీలు తీసివేసితిమి. గొడవ కాలేదు. పెద్దలు మమ్మును మెచ్చుకొనిరి.

ఆమ్లపు చుక్క పడినచోటు అది. మేము గీత కరుగుట చూచితిమి.

ఇక్కడ మరియొక కష్టమైన సంగతిని తాకవలెను. తాకకపోయిన యెడల మీరు బయటికి పోయి మాటలాడుకొందురు. 1950 సంవత్సరపు షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా నిర్ణయించినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. దళితులలోనుండి వచ్చిన క్రైస్తవులకు మన తెలుగు రాష్ట్రములలో వెనుకబడిన తరగతులలో సి వర్గమే గతి, దానికి ఒక్క శాతము. కాబట్టి మన కుటుంబములలో కొన్నింటిలో బాప్తిస్మపు రిజిష్టరులో ఒక పేరు, బడి రిజిష్టరులో మరియొక పేరు. అట్టివారిని బల్లనుండి ఆపవలెనని కమిటీలో అడుగువారున్నారు. వీరిది విశ్వాసమేనా అని వారి ప్రశ్న.

అబద్ధము అబద్ధమే. దానిని మేము నిజమనము. కాని తాతకాలములో ప్రభువు పేరు చెప్పుకొన్న అన్నము దొరకునని నిందించిన లోకమే, ఇప్పుడు ఆ పేరు చెప్పుకొన్న అన్నము పోవునట్లు చేసి, చెప్పుకొనలేదేమని మరల నిందించుచున్నది. కొడుకు దరఖాస్తులో ఏమి వ్రాయించవలెనో తెలియక రాత్రి కూర్చుండి ఏడ్చిన తల్లులను మేము ఎరుగుదుము. ఆ తల్లికి విశ్వాసము నొప్పి పుట్టించుచున్నది. ఓడినను, గెలిచినను ఆమె పెనుగులాడుచున్నది. ఏ కాగితముతోను చిక్కు లేక, ఏ పేరు దాచనక్కరలేక, మొదటి వరుసలో కూర్చుండి ఆమెను గూర్చి తీర్మానము వ్రాయువారికి విశ్వాసము ఎక్కడ నొప్పి పుట్టినది? మేమును ఆ మొదటి వరుసవారమే గనుక అడుగుచున్నాము.

కాబట్టి మిమ్మును అడుగునది ఒక్కటియే. పోయిన సంవత్సరపు లెక్క తీయుడి. కానుకలు ఎంత వేసితిమి అను లెక్క కాదు. కలిగినవానికి కానుక సులువు, ఫాను ఇంకను సులువు. విశ్వాసమువలన ఈ ఏడు మనకు ఏమి పోయినది? ఒక స్నేహితుడు దూరమాయెనా? కట్నముగా రావలసిన స్థలము వద్దనుటవలన ఒక సంబంధము తప్పిపోయెనా? కమిటీ ఎన్నికలలో నిజము పలికి ఓట్లు పోగొట్టుకొంటిమా? సంఘపు ఆస్తి దావాలో వాయిదాల మీద వాయిదాలకు పోవుచున్నవారిలో ఎవరైన ఒకరు, ఓడినను సరేయని, ఎదుటివాని ఇంటికి పోయి కూర్చుండిరా? ఆ మూడు నియమముల కాలములో పాలేరు ఇచ్చిన వెలలో పదియవ వంతైన మనము ఇచ్చిన దినము ఏదైన ఉన్నదా? ఉన్న యెడల ఆ దినమున క్రీస్తు మనయందు ఉండెను. ఆ వచనములో పౌలు కొరింథీయులనుండి ఎదురుచూచిన జవాబు కూడ అదియే. వారు పనికిరానివారని తేలవలెనని ఆయన కోరలేదు.

మీలో కొందరికి ఈ మాటలు అక్కరలేని భయము కలిగింపవచ్చును. మా పాస్టరేటులో ఒక ముసలి తాతగారుండిరి. ప్రతి సంస్కారమునకు ముందు వచ్చి, నేను యోగ్యుడనా అయ్యగారూ అని అడుగుదురు. ఎన్నిమారులు చెప్పినను తీరదు. అట్టివారు ఈ ప్రసంగము మరచిపోయి భోజనమునకు పోవచ్చును. గీటురాయి వారి కొరకు తెచ్చినది కాదు.

ఆ మిరపచేని స్త్రీకి ఆరు నెలలు నిండకముందే బాప్తిస్మమిచ్చితిమి. విశ్వాస ప్రమాణములో రెండు చోట్ల తప్పెను. మేము సరిదిద్దలేదు.

ఆ యిద్దరి విషయము మాత్రము మాకు మరి రెండేండ్లు పట్టినది. అప్పటికి మాకు ట్రాన్స్‌ఫరు అయినది, ఫిర్యాదు లేకుండనే. వారి చిరునామా కనుగొని, బస్సు ఎక్కి పోయితిమి. ఒక గది ఇల్లు. తలుపు తీసి, లోపలికి రమ్మని, మంచినీళ్ళిచ్చిరి. బస్సులో నేర్చుకొని పోయిన మాటలు ఏవియు రాలేదు. తప్పు మాది, భయపడితిమి, క్షమింపుడని మాత్రము అంటిమి. అతడు లేచి, “పరవాలేదండీ అయ్యగారూ, పాత సంగతి” అనెను. ఆమె అతని వైపు చూచి, “పరవా ఉంది. అట్లా అనకు” అనెను. తరువాత చాలసేపు ఎవరును మాటలాడలేదు. ఆ ఊరిలో వారు వేరొక సంఘమునకు పోవుచున్నారట, గాని అక్కడ పాడుట లేదట. పాప పుట్టి ఎనిమిది నెలలు. పాపకు ఏమి పేరు పెట్టినారని అడిగితిమి, చెప్పిరి. ఎక్కడ బాప్తిస్మమిప్పించినారని అడుగుటకు మాకు హక్కు కనుపించలేదు.

బయలుదేరునప్పుడు ప్రార్థన చేయుట మన గురువుల అలవాటు. ఆ మాట అనుటకు నోరు రాలేదు. ఆ ఇంటిలో ఆ నాణెమును చెల్లనిదిగా చేసినది మేమే. చెప్పులు తొడుగుకొనబోవుచుండగా ఆమె పాపను ఒడిలో వేసికొని చాప మీద కూర్చుండి, “కూర్చోండి అయ్యగారూ. ప్రార్థన మేం చేస్తాం” అనెను.

కూర్చుంటిమి.